వరి మడిలో తేలే కలుపు: వల కట్టాలా, ఏరాలా, ఆరగట్టాలా, మందు కొట్టాలా?

సార్వా (తొలకరి) వరికి కాలువలు వదిలిన కొన్ని వారాలకే డెల్టాలో పురుగుమందుల షాపుల ముందు ఒక ప్రశ్న మొదలవుతుంది. "మడిలోకి గుర్రపు డెక్క వచ్చేసింది, ఏం మందు కొట్టమంటారు?" షాపాయన ఏదో ఒకటి చేతిలో పెడతాడు. రైతు కొడతాడు. నాలుగైదు రోజుల్లో ఆకులు మెలి తిరిగి వాడిపోతాయి, మనసు కుదుటపడుతుంది. మరో పదిహేను రోజులకి చూస్తే మళ్లీ అంత డెక్కా ఉంటుంది. మందు పనిచేయక కాదు. చచ్చింది చచ్చింది, కొత్తది బోదె (పొలానికి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) లోంచి దిగింది.

ఊద, తుంగ లాంటి కలుపు మొక్కలు మన మట్టిలోంచి మొలుస్తాయి కాబట్టి వాటితో పోరు మడిలోనే. తేలే కలుపు సంగతి వేరు. అది నీళ్లతో పాటు వస్తుంది, నీళ్ల మీదే బతుకుతుంది, నీళ్లతోనే పక్క మడికి పోతుంది. కాబట్టి దానికి ఏ పద్ధతి మంచిదో తేల్చే ముందు చూసుకోవాల్సింది మందుల పట్టిక కాదు, తూము, అంటే బోదెలోంచి మడిలోకి నీళ్లొచ్చే దారి. తూము దగ్గర ఆపగలిగిన రైతుకి మిగతావన్నీ తేలిక. ఆపలేని రైతు ఎంత ఖరీదైన మందు కొట్టినా డబ్బులు కాలువలో పోసినట్టే. అన్ని దారులూ చెబుతాను, దేని లోటు దానికుంది. కానీ నా ఓటు ఎటో ముందే చెప్పేశాను.

ముందు ఆ మొక్కేదో తేల్చుకోండి

తేలే కలుపు అంతా ఒకటి కాదు. ఒకదాన్ని చంపేది ఇంకొకదాన్ని ముట్టుకోదు. పైగా ఒకటి కలుపే కాదు, ఎరువు.

గుర్రపు డెక్కని ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. నున్నటి మందపాటి ఆకు, కింద గాలి నిండిన ఉబ్బెత్తు కాడ, నీళ్లలో వేలాడే నల్లటి ఊదా వేర్లు, పై రేకు మీద పసుపు మచ్చ ఉన్న లేత ఊదా పువ్వు. దక్షిణ అమెరికాలో అమెజాన్ ప్రాంతం దీని పుట్టిల్లు. పువ్వు బాగుందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తెచ్చారు. నలభై ఏళ్లు తిరిగేసరికి అక్కడి నదులు, వరి పొలాలు ఎంత మూసుకుపోయాయంటే 1936లో బెంగాల్ ప్రభుత్వం ఏకంగా దీని మీద చట్టమే చేయాల్సి వచ్చింది.

ఇది పెరిగే తీరు తెలిస్తే సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. తల్లి మొక్క పక్కకి ఒక తీగ చాస్తుంది, దాని చివర పిల్ల పుడుతుంది, తీగ తెగితే పిల్ల వేరే మొక్క. ఎండ, ఎరువు నీళ్లు బాగుంటే వారం నుంచి రెండు వారాల్లో సంఖ్య రెట్టింపవుతుంది. పది రోజులకోసారి రెట్టింపు అనుకుందాం. నాట్ల రోజున మడిలోకి దిగిన ఒక్క మొక్క కాగితం మీద లెక్కకి వంద రోజుల్లో 1,024 మొక్కలు. నిజంగా మడిలో అంత కాదు. వరి దుబ్బు కట్టి నీడ పడ్డాక దాని దూకుడు తగ్గిపోతుంది. అంటే నాట్లు వేసిన మొదటి నలభై రోజులే దాని రాజ్యం, మన పోరాటమూ అప్పుడే.

రెండో సంగతి విత్తనం. డెక్క పువ్వు వాడిపోగానే పూకాడ కిందికి వంగి నీళ్లలోకి దిగుతుంది. కాయ అక్కడే పగిలి సన్నటి గింజలు బురదలోకి జారతాయి. ఆ గింజ బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు కూడా ప్రాణంతో ఉంటుంది. మొలవాలంటే దానికి పల్చటి నీళ్లు, వెలుతురు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తే అడుగు బయటపడుతుంది, జూన్‌లో పల్చగా నీళ్లు పారతాయి. గింజకి కావలసింది సరిగ్గా అదే. మొదట వచ్చే మొలక చూడ్డానికి డెక్కలా ఉండదు. బురదలో నాటుకుని సన్నటి పరకల్లాంటి ఆకులతో ఉంటుంది, గడ్డి అనుకుంటాం. ఇంకొన్ని ఆకులు వచ్చాక వేరు వదిలి తేలుతుంది. "నిన్నటిదాకా లేదు, ఇవాళ ఎక్కడినుంచి ఊడిపడింది" అనిపించేది అందుకే.

అంతర తామర ఇంకో రకం. లేత పచ్చ రంగు, మెత్తటి నూగు, నీటి మీద గుత్తిగా విచ్చుకున్న ఆకులు, కాడ కనపడదు. ఇది కూడా తీగలతోనే పిల్లలు పెడుతుంది. మురుగు కాల్వలు, చేపల చెరువుల పక్క పొలాల్లో ఎక్కువ. దీనితో ఆరోగ్యం సంగతి కూడా ఉంది. మాన్సోనియా అనే దోమ పిల్లలు నీటి పైకి రాకుండా ఇలాంటి మొక్కల వేళ్లలోకి గొట్టం గుచ్చి గాలి పీల్చుకుంటాయి. కేరళలో చేర్తల ప్రాంతంలో ఒకప్పుడు ఒక రకం బోదకాలు వ్యాధి ఈ దోమ వల్లే పాతుకుపోయింది. ఇంటి పక్క కుంటలో అంతర తామర ఉంటే పంట కోసం కాకపోయినా తీసేయండి.

సాల్వీనియా ఫెర్న్ జాతి మొక్క. ఒకప్పుడు దీని అడ్డా కేరళలో కుట్టనాడు, శ్రీలంక వరి పొలాలు. ఆకు మీద ఒత్తుగా నూగు ఉంటుంది, ఒక్కో నూగుని భూతద్దంలో చూస్తే చివర కవ్వం తలలా కనిపిస్తుంది. ఆ కవ్వాల మధ్య గాలి నిలిచిపోయి నీటి బొట్టు జారిపోతుంది. పిచికారీ మందు కూడా అలాగే జారిపోతుంది. దీనికి పనికొచ్చే బీజం లేదు, ముక్కలు తెగి తెగి వ్యాపిస్తుంది. అంటే పూర్తిగా తీసేస్తే తిరిగి మొలవదు, కానీ వేలెడు ముక్క మిగిలినా చాలు.

ఇక డక్‌వీడ్, అజొల్లా. నీటి మీద పచ్చటి పొట్టు చల్లినట్టు ఉంటే డక్‌వీడ్. చిన్న చిన్న పొలుసుల ఆకులతో, ఎండకి ఎర్రబారేది అజొల్లా. అజొల్లా ఆకు లోపల ఉండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోంచి నత్రజని పట్టి ఇస్తుంది. హెక్టారుకి పది టన్నుల పచ్చి అజొల్లా బురదలో కలిస్తే ఇరవై, ముప్పై కిలోల నత్రజని మట్టికి చేరినట్టు. డబ్బులిచ్చి తెచ్చి వేసుకునేవాళ్లున్నారు, దాన్ని మందు కొట్టి చంపేవాళ్లూ ఉన్నారు. నాట్లు నిలదొక్కుకున్నాక మడిలో అజొల్లా కనిపిస్తే వదిలేయండి. అది పరుచుకుంటే కింద ఊద మొలకలకి వెలుతురు అందదు. నాటిన వారంలోపు, నారు ఇంకా పడుకుని ఉన్నప్పుడు మాత్రం మందంగా పేరుకున్న పొర మొక్కని కప్పేస్తుంది. అప్పుడు మూలకి నెట్టి తీసేయాలి.

వస్తోందా, పెరుగుతోందా?

ఏ దారైనా ఎంచుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఖర్చు లేదు. మడిలో తూము ముందు రెండు గజాల మేర కలుపు మొత్తం తీసేయండి. నాలుగైదు రోజులు చూడండి. తూము దగ్గర ముందు నిండి అక్కడినుంచి లోపలికి పాకితే అది వస్తున్న కలుపు. తూము దగ్గర శుభ్రంగా ఉండి మడి మధ్యలో గుంపులు పెద్దవవుతుంటే లోపల పెరుగుతున్న కలుపు. మొదటి దానికి వల, రెండోదానికి చెయ్యి లేదా మందు. చాలామంది రెండోదాని వైద్యం మొదటిదానికి చేస్తారు.

తూము దగ్గర ఆపడం

తేలే కలుపుకి ఉన్న బలహీనత అది తేలడమే. నీళ్లు కిందనుంచి కూడా వస్తాయి, కలుపు పైనుంచే రావాలి. కాబట్టి తూము మొత్తానికీ జల్లెడ కట్టి నీళ్లు ఆపుకోనక్కర్లేదు. పై అడుగు లోతు అడ్డుకుంటే చాలు.

అన్నిటికన్నా చవకైనది తేలే అడ్డు. బోదె వెడల్పుకి ఒకటిన్నర రెట్లు పొడవున్న వెదురు బొంగు ఒకటి, దానికి కింద అడుగు లోతు వేలాడేలా పాత చేపల వల ముక్క. దీన్ని బోదెకి నేరుగా అడ్డం పెట్టకండి, ఏటవాలుగా కట్టండి. ఏటవాలుగా ఉంటే వచ్చిన డెక్క ప్రవాహం తోపుకి జారుతూ ఒక గట్టు పక్కకి చేరుతుంది. గట్టు మీద నిలబడి కొక్కెం కర్రతో లాగేయొచ్చు. అడ్డంగా కడితే మొత్తం నడుమ పేరుకుని రెండో రోజుకి వల చిరుగుతుంది, లేదా బోదె పొర్లి పక్కాయన గట్టు తెగుతుంది, ఆ తర్వాత పంచాయితీ. రెండు గట్లకీ తాళ్లు కట్టి కాస్త వదులు ఉంచండి, నీటి మట్టం పెరిగినా తగ్గినా బొంగు దానితో పాటు కదలాలి.

గొట్టం తూము ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. బోదె వైపు గొట్టం మూతికి పీవీసీ బెండు తగిలించి మూతిని కిందికి తిప్పండి. నీటి పైతలం కంటే ముప్పావు అడుగు కిందనుంచి నీళ్లు తీసుకుంటే పైన తేలేది లోపలికి రాదు. బోదెలో నీళ్లు బాగా తగ్గినప్పుడు మాత్రం మూతి బురద పీలుస్తుంది. కాలువ చివరి శివారు భూములకి ఇది కుదరదు, అక్కడ నీళ్లొచ్చేదే జానెడు.

వీటికి లోటు లేదా అంటే ఉంది. డక్‌వీడ్, అజొల్లా వల కన్నాల్లోంచి వచ్చేస్తాయి. డెక్క గింజలూ వస్తాయి. రోజూ ఒకసారి గట్టు మీదికెళ్లి పేరుకున్నది లాగే మనిషి ఉండాలి. పొలం ఊళ్లో, మనిషి హైదరాబాద్‌లో అయితే ఈ పద్ధతి పనిచేయదు. అలాంటివాళ్లు కౌలుదారుతో ముందే మాట్లాడుకోవాలి. బోదె మీద పది మంది రైతులుంటే పది వలల కంటే బోదె మొదట్లో ఒకటి మేలు. నీళ్లు తిప్పే లస్కరుకి చెప్పకుండా మాత్రం కట్టకండి.

చేత్తో తీయడం

దీని గురించి ఆశా వద్దు, భయమూ వద్దు. లెక్క వేసుకోండి. మందంగా పేరుకున్న గుర్రపు డెక్క చదరపు మీటరుకి ఇరవై కిలోలకి పైగా తూగుతుంది. పది సెంట్లు నిండితే ఎనిమిది టన్నులు. బురదలో ఎనిమిది టన్నుల తడి సరుకు గట్టెక్కించాలంటే ఎంతమంది కూలీలో మీ ఊరి రేటుతో మీరే లెక్కేయండి. అందులో 92 నుంచి 95 శాతం నీళ్లే. మనం డబ్బులిచ్చి మోయించేది నీటినే.

అదే డెక్క ఇరవై రోజుల ముందు అయితే నాలుగో వంతు, నెల ముందు అయితే ఇంకా తక్కువ. అందుకే చేత్తో తీయడం బాగుంటుందా బాగోదా అన్నది తప్పు ప్రశ్న, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న. నాట్లకి ముందు దమ్ము చేసి (నీళ్లలో దున్ని బురద చేసి) నీళ్లు నిలబెట్టినప్పుడు గాలి ఎటు వీస్తే కలుపు అటు మూలకి చేరుతుంది. ఆ ఒక్కరోజు ఇద్దరు మనుషులు తాడు లాగినా మడి శుభ్రం. నాటిన తర్వాత అదే పని చేయాలంటే మొక్కల మధ్య అడుగు చూసుకుంటూ వెళ్లాలి.

తీసింది ఎక్కడ వేస్తున్నారన్నది తీయడం కంటే ముఖ్యం. గట్టు అంచున వేస్తే మొదటి వానకి మళ్లీ మడిలోకి జారుతుంది. కాలువల్లో పొక్లెయిన్‌తో తీసి కాలువ గట్టునే పోసి వెళ్లిపోవడం మనం చూస్తూనే ఉంటాం, అదే తప్పు పెద్ద ఎత్తున. నీళ్లు తగలని చోటికి చేర్చి, వేర్లు పైకి ఉండేలా తిరగేసి, పల్చగా పరచండి. ఎండకి రెండు మూడు రోజుల్లో చస్తుంది. గుట్టగా పోస్తే లోపలిది బతికే ఉంటుంది.

నీళ్లు తీసేసి ఆరగట్టడం

పిలక దశలో మడి ఆరగట్టడం ఎలాగూ మంచిదే, వేరు లోతుకి పోతుంది. ఆరగడితే డక్‌వీడ్, అజొల్లా మట్టికి అంటుకుని చచ్చిపోతాయి, కుళ్లి ఎరువవుతాయి. అంతర తామర వాడిపోతుంది. సన్నటి నెర్రెలు కనిపించేదాకా ఆరితే చిన్న మొక్కలు దాదాపు పోయినట్టే.

గుర్రపు డెక్క దగ్గర ఇది బోల్తా కొడుతుంది. అడుగున బురద మెత్తగా ఉన్నంతసేపు దాని వేళ్లు అందులోకి దిగి నాటుకుంటాయి, తేలే మొక్క కాస్తా నిలబడ్డ మొక్కవుతుంది. మళ్లీ నీళ్లు పెట్టేసరికి వేరు పట్టు మీద ఉంటుంది, లాగడం కష్టం. పైగా బురదలో పడున్న గింజలకి పల్చటి తడి దొరికింది. కాబట్టి డెక్క ఉంటే ముందు ఏరండి, తర్వాత ఆరగట్టండి. క్రమం తిరగబడితే పని రెట్టింపు. ఇంకోటి, ఆరగట్టిన మడిలో ఊద, తుంగ లేస్తాయి. ఒక కలుపుకి ఇచ్చిన మందు ఇంకో కలుపుకి పిలుపు. కొల్లేరు చుట్టుపక్కల పల్లపు పొలాల్లో ఈ చర్చే దండగ, అక్కడ నీళ్లు తీసినా పోవు.

కలుపు మందు

అసలు గందరగోళం ఇక్కడే కాబట్టి కాస్త ఓపికగా చూద్దాం.

నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో ఇసుకలో కలిపి చల్లే ప్రెటిలాక్లోర్ లాంటి మందులు మట్టి పైపొరలో ఉండి, మొలుస్తున్న గింజని చంపుతాయి. తేలే మొక్కకి మట్టితో పని లేదు. "ముందే మందు చల్లాను కదా, డెక్క ఎందుకొచ్చింది" అని షాపు మీదికి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గుర్రపు డెక్క మీద బాగా తెలిసిన మందు 2,4-డి. సోడియం సాల్ట్ 80 శాతం పొడిని నాటు వరిలో వెడల్పాకు కలుపుకి ఎకరాకి 400 గ్రాములు, 200 లీటర్ల నీటిలో, నాటిన 25, 30 రోజుల మధ్య కొట్టమంటారు. మడిలో నీళ్లు తీసి కొట్టి, ఒకటి రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి. ఈ మోతాదుకి లేత డెక్క లొంగుతుంది. మోకాలెత్తు ముదిరిన డెక్కకి ఆకులు కాలి, మొదట్లో మొగ్గ బతికి, మళ్లీ చిగురిస్తుంది. మోతాదు పెంచితే వరి దెబ్బతింటుంది. అలా దెబ్బతిన్న వరిలో ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. చాలామంది దాన్ని ఉల్లికోడు పురుగు దెబ్బ అనుకుని దానికి ఇంకో మందు కొడతారు. నాటిన మూడు వారాల్లోపు, చిరుపొట్ట దశ (లోపల కంకి ఏర్పడటం) మొదలయ్యాక కొడితే ఈ ప్రమాదం ఎక్కువ. అంటే దీనికి దొరికే వ్యవధి ఓ రెండు వారాలు మాత్రమే.

2,4-డి అసలు నష్టం పక్క పొలంలో కనబడుతుంది. గట్ల మీద కంది వేసుకునేవాళ్లు, పక్కన కూరగాయలు, పత్తి ఉన్నవాళ్లు గాలి వాటుకి కొడితే వాటి ఆకులు ముడుచుకుపోతాయి. ఉదయం గాలి లేనప్పుడు, నాజిల్ కిందికి పెట్టి కొట్టాలి. స్ప్రేయర్‌ని సబ్బు నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా నమ్మకం లేదు. దీనికంటూ ఒక డబ్బా విడిగా పెట్టుకోవడం మేలు.

అంతర తామర మీద 2,4-డి అంత గట్టిగా పనిచేయదు, సాల్వీనియా మీద దాదాపు దండగ. ఊద కోసం నాటిన 15, 20 రోజులకి బిస్‌పైరిబాక్ కొట్టే ఆలోచన ఎలాగూ ఉంటే అది కొట్టి ఆగి చూడండి. ఆ కోవ మందులు తేలే కలుపు మీద కూడా కొంత పనిచేస్తాయి. అమెరికాలో చెరువుల్లో డెక్క, అంతర తామర మీద అదే తీరున పనిచేసే పెనాక్సులం వాడతారు. కానీ అవి నెమ్మది. మొక్క వాడిపోవడానికే వారాలు పడుతుంది. మూడో రోజుకే "పనిచేయలేదు" అని ఇంకోటి కలిపి కొట్టే అలవాటు ఇక్కడ చేటు.

గ్లైఫోసేట్ వరి ఉన్న మడిలో ప్రసక్తే లేదు, వరి కూడా పోతుంది. దాన్ని తెగులు నివారణ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. పారాక్వాట్ పచ్చటి దాన్నంతా కాల్చేస్తుంది, మనిషి కడుపులోకి పోతే విరుగుడు మందు లేదు. బోదె నీళ్లు పశువులు తాగేవి, దిగువ ఊరివాళ్లు వాడుకునేవి. కాలువలో, బోదెలో ఏ మందూ వద్దు, నేను దీనికి మినహాయింపు ఇవ్వను. చేపల చెరువు ఆనుకుని ఉన్న మడిలో కూడా వద్దు. మందు చేపకి చేసే హాని ఒక ఎత్తు, చచ్చిన డెక్క ఒక్కసారిగా కుళ్లి నీటిలో ప్రాణవాయువు లాగేసుకోవడం ఇంకో ఎత్తు. తెల్లారేసరికి చేప తేలిపోతుంది.

పెంకు పురుగులు

వీటి కథ వినడానికి అద్భుతంగా ఉంటుంది, మన మడికి అంతగా అక్కరకి రాదు. ఎందుకో చెబుతాను.

గుర్రపు డెక్కని తినే రెండు జాతుల నియోచెటినా ముక్కు పురుగుల్ని 1980ల మొదట్లో బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ తెప్పించి, పరీక్షించి, అక్కడి చెరువుల్లో వదిలింది. తర్వాత మణిపూర్ లోక్‌తక్ సరస్సులోనూ వదిలారు. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులో 1990ల చివర్లో డెక్క బాగా తగ్గడానికి ఇవే ముఖ్య కారణమంటారు. పెద్ద పురుగు ఆకు మీద చిన్న చిన్న చదరపు గీతలుగా గీకుతుంది, పిల్ల పురుగు కాడలో సొరంగం తవ్వుతుంది, గూడు నీటి అడుగున వేళ్లకి కట్టుకుంటుంది.

సాల్వీనియా కథ ఇంకా బాగుంటుంది. 1960ల్లో దీనికి పురుగుల్ని వెతికినవాళ్లు మొక్కనే తప్పుగా గుర్తించారు. పోలికలున్న వేరే జాతి మీదనుంచి పురుగులు తెచ్చి వదిలితే అవి నిలవలేదు. ఇది వేరే జాతి అని 1972లో తేలింది. దాని సొంత ఊరు ఆగ్నేయ బ్రెజిల్ అని 1978లో కనుక్కుని, అక్కడి పురుగుని తెచ్చి 1980లో ఆస్ట్రేలియాలో మూండరా సరస్సులో వదిలితే, ఏడాది పైచిలుకులో సరస్సు తేటపడింది. 1980ల్లోనే ఆ పురుగు బెంగళూరుకీ, కేరళకీ వచ్చింది. కుట్టనాడులో సాల్వీనియా అణగడానికి అదే కారణం. పపువా న్యూ గినీలో పురుగు నిలదొక్కుకోకపోతే మొక్కలకి యూరియా వేశారు. మేత బలపడగానే పురుగు పిల్లలు పెట్టింది. కలుపుకి ఎరువు వేసి కలుపుని చంపారన్నమాట.

మరి మనకెందుకు పనికిరాదు? పురుగుకి ఏళ్ల తరబడి నిలిచి ఉండే నీరు, నిలిచి ఉండే కలుపు కావాలి. నియోచెటినా ఒక తరం పూర్తికావడానికే రెండు మూడు నెలలు పడుతుంది. మన వరి పంట నాలుగు నెలలు. కాలువలు ఏటా ఎండుతాయి, పొక్లెయిన్ మొక్కతో పాటు పురుగునీ గట్టెక్కిస్తుంది, మందు కొడితే మేత పోయి పురుగు చస్తుంది. ఊరి చెరువు, వదిలేసిన మడుగు, కొల్లేరు లాంటి చోట్లకి ఇదే సరైన దారి. మడికి మాత్రం పై నీటి వనరులో కలుపు తగ్గడం వల్ల వచ్చే లాభమే. ఊరి చెరువులో పురుగులు వదిలిన చోట మాత్రం ఒక మూల డెక్కని ముట్టుకోకుండా వదిలేయండి, అదే వాటి విత్తనం.

చేపలు, బాతులు

గడ్డి చేప డక్‌వీడ్, అజొల్లా ఇష్టంగా తింటుంది. గుర్రపు డెక్కని తినదు, వేరేం లేకపోతే వేళ్లు గీకుతుంది. బాతులూ అంతే. వరి బాగా నిలదొక్కుకున్నాక, ఈనక ముందు కాసేపు వదిలితే డక్‌వీడ్ పని పడతాయి. బాతుల మందవాళ్లు మామూలుగా కోతల తర్వాత దిగుతారు, అప్పటికి మనకి ఈ పని ఉండదు.

మరి మీ పొలానికి ఏది?

మెరక పొలం, సొంత తూము, మనిషి అందుబాటులో ఉంటే తేలే అడ్డు కట్టి, నాట్ల ముందు ఒకసారి ఏరండి. మందు ఖర్చు మిగిలిపోతుంది. దాళ్వా (రెండో పంట)లో కూడా ఇదే, అప్పటికి కాలువలో డెక్క ముదిరి ఉంటుంది కాబట్టి వల ఇంకాస్త గట్టిది కావాలి.

బోదె చివర పల్లపు పొలం, పూర్తిగా ఆరగట్టలేరు, వస్తున్నదాన్ని ఆపలేరు: నాటిన 25, 30 రోజుల మధ్య లేత డెక్క మీద 2,4-డి ఒకసారి. అప్పటికి వరి దుబ్బు కడుతుంది, ఆ తర్వాత నీడే మీ తరఫున పనిచేస్తుంది. గట్టు మీద కంది ఉంటే చేతి ఏరివేతే.

వరద వచ్చి కాలువ పొర్లి, డెక్క పొర మొత్తంగా పంట మీద కూర్చుంటే ఆలోచించడానికి టైము లేదు. నీళ్లు దిగేలోపే, తేలుతున్నప్పుడే తాళ్లతో, బొంగులతో మురుగు కాల్వ వైపు నెట్టేయాలి. నీళ్లు దిగాక ఆ బరువు వరి మీద పడుకుంటుంది, అప్పుడు మొక్కల్ని తొక్కకుండా తీయలేరు. మురుగు కాల్వ డెక్కతో పూడి ఉంటే నెట్టే చోటే ఉండదు. కాబట్టి ఏప్రిల్, మేలో నీటి సంఘాన్ని అడగాల్సింది పంట కాలువ శుభ్రం చేశారా అని మాత్రమే కాదు, మురుగు కాల్వ సంగతేంటని.

యాభై రోజులు దాటిన పంటలో అక్కడక్కడా డెక్క ఉంటే వదిలేయొచ్చు, దిగుబడికి పెద్ద తేడా రాదు. ఒక్క మినహాయింపు: కోతకి ముందు వరి మాగాణిలో మినుము చల్లే అలవాటు ఉంటే అప్పటికి మడి శుభ్రంగా ఉండాలి. డెక్క పొర మీద పడ్డ మినుము గింజ మట్టికి తగలదు. కోత మిషన్ కూడా ఆ తడి పొరల్లో ఇబ్బంది పెడుతుంది. ఈ రెండింటికీ పొట్ట దశలో ఒకసారి మూలలు ఏరిస్తే సరిపోతుంది.

ఏ పొలమైనా నిలిచిన నీళ్లలో యూరియా చల్లడం మానండి. అందులో కొంత వరి కంటే ముందు పైన తేలేవాటికే దక్కుతుంది. నీళ్లు తీసి బురద పదునులో వేసి, రెండు రోజులాగి నీళ్లు పెడితే డక్‌వీడ్ తగ్గుతుంది.

ఇక తీసిన డెక్కతో ఏం చేయాలన్నది. ఎండిన డెక్కలో పొటాష్ బాగా ఉంటుంది, అరటి, కొబ్బరి పాదుల్లో మల్చింగ్‌కి బాగుంటుంది. పాదులోకి నీళ్లు నిలబడకూడదు, నిలబడితే మళ్లీ లేస్తుంది. కంపోస్టు చేయాలంటే పచ్చిది నేరుగా గుంతలో వేయకండి, మురిగి వాసన కొడుతుంది. ముందు రెండు మూడు రోజులు వాడ్చి, పేడ, వరిగడ్డితో పొరలు వేసి, నెలకోసారి తిరగేయండి. పూత వచ్చిన డెక్కలో గింజ ఉంటుంది, గుట్ట బాగా వేడెక్కకపోతే ఆ గింజ చావదు. అలాంటి కంపోస్టు మెట్ట చేనుకి వేయండి, వరి మడికి తిరిగి తీసుకెళ్లకండి. ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కాల్వలోని డెక్క అయితే కూరగాయల జోలికి అసలు పోనివ్వద్దు. ఆ నీళ్లలోని భార లోహాల్ని డెక్క తన వేళ్లలో పోగేసుకుంటుంది.